ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనం: సెక్షన్‌తో మొదలుపెట్టి సిస్టమ్స్ ఎలా అమర్చాలి

ఐదు నుంచి పది అంతస్తుల ఆఫీసు భవనాల్లో ఎక్కువ ఇబ్బందులు ఒకే చోట పుడతాయి. లిఫ్టులు, మెట్లు, ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి పంపే యంత్రం) గది ఉండే కోర్‌లోంచి బయటికి రాగానే తలపైన ఉండే సీలింగ్ అది. మెయిన్ డక్ట్, స్ప్రింక్లర్ పైపు, చిల్డ్ వాటర్ లైన్, కేబుల్ ట్రే, టాయిలెట్ డ్రెయిన్ అన్నీ అక్కడే ఒకదాన్నొకటి దాటాలి. పైన బీమ్, కింద ఫాల్స్ సీలింగ్. ప్లాన్‌లో చూస్తే అన్నీ సరిపోయినట్టే ఉంటాయి, ఎందుకంటే ప్లాన్‌లో ఎత్తు కనిపించదు. అందుకని ఆ చోటుకు 1:20 స్కేల్‌లో సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) గీయండి. అంతస్తు ఎత్తును ఆ తర్వాతే ఖరారు చేయండి.

లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద చేద్దాం. గ్రౌండ్ ఫ్లోర్‌తో కలిపి ఎనిమిది అంతస్తులు. ఒక్కోటి 1,500 చదరపు మీటర్లు, అందులో కోర్ పోగా ఆఫీసుకు మిగిలేది 1,200. మనిషికి 10 చదరపు మీటర్ల చొప్పున అంతస్తుకు 120 మంది.

1. గ్రిడ్, కోర్

కాలమ్ గ్రిడ్‌ను, అంటే కాలమ్‌ల మధ్య దూరాన్ని, నిర్ణయించేది చాలాసార్లు బేస్‌మెంట్‌లోని పార్కింగే. రెండు కాలమ్‌ల మధ్య మూడు కార్లు పట్టాలంటే ఒక్కోదానికి 2.5 మీ. చొప్పున 7.5 మీ. ఖాళీ ఉండాలి. కాలమ్ 750 మి.మీ. అనుకుంటే మొత్తం 8.25 మీ. కాబట్టి 8.4 మీ. గ్రిడ్ బాగా కుదురుతుంది. 600 మి.మీ. సీలింగ్ టైల్స్ సరిగ్గా 14 పడతాయి. సగం చేస్తే 4.2 మీ., అది స్ప్రింక్లర్లకు అచ్చంగా సరిపోయే దూరం (ఆ సంగతి కింద వస్తుంది). 8 మీటర్లకు తగ్గిస్తే మూడో కారు తలుపు తెరుచుకోదు. 9 మీ. చేస్తే బీమ్ లోతు పెరిగి సీలింగ్‌లోని చోటును మింగేస్తుంది.

కోర్ గోడ నుంచి కిటికీకి దూరం 9 నుంచి 12 మీ. మధ్య ఉంచండి. అంతకు మించితే లోపలి సీట్లకు పగటి వెలుతురు అందదు, డక్ట్ పరుగు కూడా పెరుగుతుంది. కోర్‌ను భవనం మధ్యలో పెడితే డక్టులు నాలుగు వైపులకీ చిన్నచిన్నగా పోతాయి. ఒక పక్కకు జరిపితే ఆ పక్కనుంచే మొత్తం గాలి బయటికి రావాలి, మెయిన్ డక్ట్ సైజు రెట్టింపవుతుంది. సైట్ ఆకారం బలవంతపెడితే తప్ప కోర్‌ను పక్కకు జరపొద్దు.

స్లాబ్ మీద లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) మామూలు ఆఫీసుకు చదరపు మీటరుకు 2.5–3 కిలోన్యూటన్లు, పార్టిషన్లకు ఇంకో 1. ఫైళ్ల ర్యాకులు, యూపీఎస్ బ్యాటరీలు ఎక్కడ వస్తాయో ఇప్పుడే గుర్తించి ఆ బేలను (కాలమ్‌ల మధ్య గళ్లను) విడిగా డిజైన్ చేయించండి. బ్యాటరీ గదికి 10 దాకా కావాల్సి రావచ్చు. స్లాబ్ పోశాక దాన్ని బలపరచడం చాలా కష్టం.

2. అంతస్తు ఎత్తు లెక్క

కింది నుంచి పైకి కూడుకుంటూ రండి. కేబుళ్ల కోసం రెయిజ్డ్ ఫ్లోర్ 100 మి.మీ. మనిషికి కనిపించే ఎత్తు 2,700. సీలింగ్ ఫ్రేమ్, లైట్లు 100. స్ప్రింక్లర్ బ్రాంచి పైపులు, కేబుల్ ట్రే దాటడానికి 150. ఇన్సులేషన్‌తో కలిపి డక్ట్ 400. హ్యాంగర్లకు, స్లాబ్ కుంగుడుకు 50. బీమ్, స్లాబ్ కలిపి 600. మొత్తం 4,100 మి.మీ.

ఖర్చు తగ్గించాలని ఎవరో 3.6 మీటర్లు చాలంటారు. పోయిన 500 మి.మీ. డక్ట్‌లోంచి తగ్గదు, బీమ్‌లోంచీ తగ్గదు. సీలింగే 2.2 మీటర్లకు దిగుతుంది. ఎత్తు నిజంగా తగ్గించాలంటే దారులు రెండే. ఒకటి, లోపలి స్టీల్ తీగలను బిగించి లాగి కట్టే, బీమ్‌లు లేని పోస్ట్ టెన్షన్డ్ ఫ్లాట్ స్లాబ్. అది 250 మి.మీ. మందంలో వస్తుంది, కాలమ్ దగ్గర మాత్రం స్లాబ్ మందంగా ఉంటుంది (డ్రాప్ ప్యానెల్). రెండోది, ఏసీ పద్ధతే మార్చి పెద్ద డక్టుల బదులు నీటి పైపులతో పనిచేసే ఫ్యాన్ కాయిల్ యూనిట్లు పెట్టడం. అప్పుడు ప్రతి సీటు పైనా డ్రెయిన్ పైపు వస్తుంది, లీకయ్యే చోట్లు పెరుగుతాయి. ఈ నిర్ణయం ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీర్, ఏసీ ఇంజినీర్ ముగ్గురూ కూర్చుని ఒకేసారి తీసుకోవాలి. ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటే ఎత్తు లెక్క తప్పుతుంది.

బీమ్‌లో రంధ్రం వేసి డక్ట్ పంపిద్దామనే ఆలోచన డిజైన్ దశలో అయితే మంచిదే. రంధ్రం స్పాన్ మధ్య భాగంలో, బీమ్ లోతులో మధ్యన ఉండాలి, చుట్టూ అదనపు స్టీల్ కట్టాలి. కాలమ్ దగ్గర షియర్ (బీమ్‌ను కోసేలా పనిచేసే బలం) ఎక్కువ, అక్కడ వేయకూడదు. కాంక్రీటు గట్టిపడ్డాక రంధ్రం కోసే మెషిన్ తెస్తే స్టీల్ తెగుతుంది. రంధ్రాలు ఎక్కడ రావాలో చూపే స్లీవ్ డ్రాయింగ్ సెంట్రింగ్ కన్నా ముందే సైట్‌లో ఉండాలి.

3. అద్దం ముందు, ఏసీ తర్వాత

ఏసీ సైజు లెక్కించే ముందు గోడ సంగతి తేల్చండి. పడమటి వైపు ఒక్క బే తీసుకోండి: వెడల్పు 8.4 మీ., అద్దం ఎత్తు 2.7 మీ., అంటే 22.7 చదరపు మీటర్లు. సాయంత్రం ఎండ చదరపు మీటరుకు 600 వాట్లు పడితే, 0.55 సోలార్ హీట్ గెయిన్ (ఎండ వేడిలో లోపలికి వదిలే వాటా) ఉన్న అద్దం 7.5 కిలోవాట్ల వేడిని లోపలికి వదులుతుంది. 0.25 ఉన్నదైతే 3.4. ఒక్క బేలోనే తేడా ఒక ఏసీ టన్నుకు (3.5 కిలోవాట్లకు) పైగా ఉంది. అద్దం శాతాన్ని గోడలో 40 దగ్గర ఆపి, పడమటికి ఎండను అడ్డుకునే నిలువు ఫిన్లు (పలకలు) పెడితే ఇంకా తగ్గుతుంది. ఇక్కడ మిగిల్చింది నీటిని చల్లబరిచే చిల్లర్‌లో, డక్ట్‌లో, ట్రాన్స్‌ఫార్మర్‌లో మూడు చోట్లా కలిసొస్తుంది.

కర్టెన్ వాల్‌కీ (బయటి అద్దాల గోడకీ) స్లాబ్ అంచుకీ మధ్య సందు ఉంటుంది. దాన్ని తప్పకుండా మినరల్ వూల్‌తో గట్టిగా కూరి, పైన స్మోక్ సీల్ పూయించండి. ఫాల్స్ సీలింగ్, రెయిజ్డ్ ఫ్లోర్ వచ్చాక అది ఎవరికీ కనిపించదు. అగ్నిప్రమాదంలో పొగ పై అంతస్తుకు వెళ్లేది ఆ సందులోంచే. మూసే ముందు ప్రతి అంతస్తులో ఫొటోలు తీయించి రికార్డులో పెట్టండి.

4. గాలి: డక్ట్ నోరు ఎంత?

వేడి వాతావరణంలో, అద్దం బాగుంటే, చదరపు మీటరుకు 120 వాట్లతో మొదలుపెట్టవచ్చు. 1,200 చదరపు మీటర్లకు 144 కిలోవాట్లు, అంటే సుమారు 41 టన్నులు. అందులో తేమ పోగా గాలి మోయాల్సింది దాదాపు 110 కిలోవాట్లు. గది 24 డిగ్రీలు, సరఫరా గాలి 13 డిగ్రీలు అయితే సెకనుకు 8.3 ఘనపు మీటర్ల గాలి కావాలి.

రెండు ఏహెచ్‌యూలు పెడితే ఒక్కోటి 4.15. సెకనుకు 6 మీ. వేగంతో పంపాలంటే డక్ట్ వైశాల్యం 0.69 చదరపు మీటర్లు. మన సెక్షన్‌లో ఇన్సులేషన్ తీసేస్తే ఎత్తు 350 మి.మీ. మాత్రమే, కాబట్టి వెడల్పు దాదాపు 2 మీటర్లు అవుతుంది. ఎత్తుకు వెడల్పు నాలుగు రెట్లు మించిన డక్ట్ తీసుకోకండి. రేకు వణికి మోగుతుంది, గాలి ఒరిపిడి పెరుగుతుంది, కింద ఏ పైపూ దాటలేదు. పరిష్కారం సులువే: ఏహెచ్‌యూ గది నుంచి కుడికీ ఎడమకీ రెండు నోళ్లు తీసి, ఒక్కోటి 1,000 × 350 పెట్టండి. దీనికోసం ఏహెచ్‌యూ గది గోడ రెండు వైపులా తెరిపి ఉండాలి. అంటే పక్కన లిఫ్ట్ షాఫ్ట్ ఉండకూడదు. కోర్ ప్లాన్ గీసేటప్పుడే ఈ సంగతి తెలియాలి, తర్వాత తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.

కిటికీల పక్కన 4.5 మీ. లోతు వరకు వేరే జోన్‌గా, వేరే వీఏవీ బాక్సులతో (అవసరాన్ని బట్టి గాలిని పెంచి తగ్గించేవి), వేరే థర్మోస్టాట్‌తో పెట్టండి. దిక్కు మారితే జోన్ మారాలి. తూర్పు గదికీ పడమటి గదికీ ఒకే థర్మోస్టాట్ పెడితే ఏదో ఒక పక్కన ఎప్పుడూ ఫిర్యాదే.

రిటర్న్ గాలి సీలింగ్ పైనుంచి వస్తే, మీటింగ్ రూమ్ గోడలను స్లాబ్ వరకు లేపినప్పుడు దారి మూసుకుపోతుంది. సెకనుకు 0.3 ఘనపు మీటర్ల గాలి వెళ్లే గదికి కనీసం 0.2 చదరపు మీటర్ల తెరిపి వదిలి, మాటలు బయటికి వినపడకుండా లోపల అకౌస్టిక్ లైనింగ్ ఉన్న వంపు డక్ట్ పెట్టండి. ఇది మరిచిపోయిన గదుల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, గది చల్లబడదు.

తాజా గాలికి అమెరికా వెంటిలేషన్ ప్రమాణం ఆష్రే 62.1 లెక్క: మనిషికి 2.5 లీటర్లు, చదరపు మీటరుకు 0.3 లీటర్లు, సెకనుకు. మనకు 300 + 360 = 660 లీటర్లు. టాయిలెట్ ఎగ్జాస్ట్ అంతస్తుకు 350 అనుకుంటే ఇంకా 310 మిగులుతుంది, భవనం కొద్దిపాటి పాజిటివ్ ప్రెషర్‌లో ఉంటుంది. ఎగ్జాస్ట్ ఎక్కువై తాజా గాలి తక్కువైతే బయటి తేమ గాలి గోడ సందుల్లోంచి లోపలికి లాగబడి, చల్లటి జిప్సమ్ బోర్డు వెనక బూజు పడుతుంది. తాజా గాలి లోపలికి వచ్చే చోటు కూలింగ్ టవర్ ఎగ్జాస్ట్‌కు కనీసం 7.5 మీ. దూరంలో ఉండాలి. టవర్ తుంపర్లలో లెజియోనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు.

5. ఏహెచ్‌యూ కింద చిన్న ట్రాప్

గాలిని చల్లబరిచే కాయిల్ దాటాక ఫ్యాన్ ఉండే యూనిట్‌లో, కాయిల్ నుంచి కారే నీటిని పట్టే డ్రెయిన్ పాన్ దగ్గర పీడనం బయటికన్నా తక్కువ. అది 500 పాస్కల్స్ అయితే 50 మి.మీ. నీటి స్తంభానికి సమానం. డ్రెయిన్ పైపుకు ట్రాప్ (నీరు నిలిచి గాలిని ఆపే వంపు) లేకపోయినా, చాలినంత లోతు లేకపోయినా, బయటి గాలి పైపులోంచి లోపలికి దూసుకొస్తుంది. నీరు దిగదు. పాన్ నిండి, గాలితో పాటు తుంపర్లు డక్ట్‌లోకి పోయి, వారం తిరక్కుండా సీలింగ్ టైల్ మీద మచ్చ పడుతుంది. అందరూ పైపు లీకని వెతుకుతారు.

పాన్ నోటి నుంచి ట్రాప్ బయటి నోటికి 75 మి.మీ. దిగుడు, ఆ నోటి కింద ఇంకో 40 మి.మీ. నీటి సీల్ పెట్టండి. పైపు మందం, ఇన్సులేషన్ కలిపితే యూనిట్ కింద దాదాపు 200 మి.మీ. ఎత్తు కావాలి. యూనిట్ కింది దిమ్మె (ప్లింత్) 100 పోస్తే ట్రాప్ పట్టదు. ప్లింత్ డ్రాయింగ్ సివిల్ వాళ్లకు ఇచ్చేటప్పుడు ఈ 200 రాసి ఇవ్వండి. గదిలో కాయిల్ బయటికి లాగడానికి దాని వెడల్పంత ఖాళీ కూడా ఉంచండి.

6. చిల్లర్లు, పైపులు

ఎనిమిది అంతస్తుల పీక్‌లను (అత్యధిక ఏసీ లోడ్‌లను) కూడితే 1,152 కిలోవాట్లు. తూర్పు, పడమర పీక్‌లు ఒకేసారి రావు కాబట్టి 0.85తో గుణిస్తే సుమారు 980, అంటే 280 టన్నులు. సగం సగం రెండు చిల్లర్ల కన్నా, 40 శాతం చొప్పున మూడు మేలు. ఒకటి ఆగినా 80 శాతం నడుస్తుంది, చల్లని రోజు ఒక్కటే చాలు. సర్వర్ గదికి విడిగా చిన్న యూనిట్ ఇవ్వండి. దానికోసం రాత్రంతా పెద్ద చిల్లర్ నడపడం దండగ.

నీటి ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలు తీసుకుంటే సెకనుకు 47 లీటర్లు తిప్పాలి, 8 డిగ్రీలైతే 29 చాలు. పైపు, పంపు రెండూ చిన్నవవుతాయి. అయితే కాయిల్‌ను ఆ తేడాకు తగ్గట్టే కొనాలి, వాల్వులు అవసరం లేనప్పుడు నీటిని ఆపేసే టూ-వే రకం ఉండాలి. త్రీ-వే వాల్వులు, అవసరానికి మించిన సైజు వాల్వులు చల్లటి నీటిని పని చేయించకుండానే వెనక్కి పంపేస్తాయి. తేడా 3 డిగ్రీలకు పడిపోతే లోడ్ తక్కువున్నా రెండో చిల్లర్ ఆన్ చేయక తప్పదు.

7. లిఫ్టులు

పై ఏడు అంతస్తుల్లో 840 మంది. పొద్దున రద్దీలో ఐదు నిమిషాల్లో అందులో 12 శాతాన్ని, అంటే 101 మందిని పైకి చేర్చగలగాలి. 13 మంది పట్టే లిఫ్ట్‌లో వాస్తవంగా ఎక్కేది పది మంది. పది మంది ఏడు అంతస్తులకు వెళ్తుంటే సగటున ఐదున్నర చోట్ల ఆగుతుంది. సెకనుకు 1.6 మీ. వేగంతో, తలుపుల సమయం కలుపుకుని, ఒక చుట్టుకు సుమారు 107 సెకన్లు. ఐదు నిమిషాల్లో ఒక లిఫ్ట్ 28 మందిని మోస్తుంది, కాబట్టి నాలుగు కావాలి. సగటున 27 సెకన్లకు ఒకటి కింద దొరుకుతుంది, 30 లోపు బాగున్నట్టే. వేగం పెంచితే పెద్ద లాభం లేదు, సమయమంతా ఆగడంలోనే పోతోంది. వెడల్పైన, మధ్యకు తెరుచుకునే తలుపులు ఎక్కువ ఉపయోగం.

లిఫ్ట్ కింద గుంత (పిట్) 1.5 మీ., పై అంతస్తు మీద ఖాళీ (ఓవర్‌హెడ్) 4 మీ. చుట్టుపక్కల కావాలి. కచ్చితమైన అంకెలు తయారీదారు డ్రాయింగ్‌లోంచి, అదీ ఫౌండేషన్ తవ్వకముందే తెప్పించండి.

8. కరెంటు

లైటింగ్ చదరపు మీటరుకు 8 వాట్లు (500 లక్స్‌కు ఎల్ఈడీతో ఇది చాలు), ప్లగ్గులకు 25. అంతస్తుకు 40 కిలోవాట్లు, ఫ్యాన్లకు ఇంకో 12. ఎనిమిదింటికి 416 కిలోవాట్లు, 400 వోల్టుల దగ్గర సుమారు 630 ఆంపియర్లు. అంతస్తులన్నిటికీ కరెంటు మోసుకెళ్లే నిలువు లైను (రైజింగ్ మెయిన్) 800 ఆంపియర్లది సరిపోతుంది. చిల్లర్లు, పంపులు, లిఫ్టులు కలిపి కనెక్టెడ్ లోడ్ (అన్ని పరికరాల మొత్తం) 760 కిలోవాట్ల దాకా, డిమాండ్ (ఒకేసారి నిజంగా వాడేది) 600, పవర్ ఫ్యాక్టర్ 0.95 దగ్గర సుమారు 632 కేవీఏ. 630 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు పెడితే ఒకటి పోయినా రెండోది దాదాపు మొత్తం మోస్తుంది, రేపు పెరిగే లోడ్‌కూ చోటుంటుంది.

న్యూట్రల్‌ను ఫేజ్ సైజులోనే ఉంచండి, సగానికి తగ్గించొద్దు. కంప్యూటర్లు, ఎల్ఈడీ డ్రైవర్ల మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదానితో ఒకటి కూడుకుంటాయి. కరెంటు షాఫ్ట్, నీటి షాఫ్ట్ వేర్వేరుగా ఉండాలి. ప్రతి అంతస్తులో షాఫ్ట్ స్లాబ్‌లోని ఖాళీని ఫైర్ స్టాప్‌తో (మంటను ఆపే పదార్థంతో) మూయాలి, కొత్త కేబుల్ లాగిన ప్రతిసారీ మళ్లీ మూయాలి.

జనరేటర్‌ను అవసరానికి మించి పెద్దది కొనొద్దు. డీజిల్ ఇంజిన్ 30 శాతం కన్నా తక్కువ లోడ్‌లో గంటలకొద్దీ నడిస్తే కాలని ఇంధనం ఎగ్జాస్ట్‌లో పేరుకుంటుంది. అతిపెద్ద మోటార్ స్టార్టింగ్ కరెంటును తట్టుకుంటుందో లేదో చూసి సైజు తేల్చండి.

9. మంటలు, పొగ

స్థానిక ఫైర్ కోడ్ చదివాకే మెట్లు గీయండి. సాంకేతికంగా గుర్తుంచుకోవలసినవి ఇవి. అమెరికా స్ప్రింక్లర్ ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 13లో లైట్ హజార్డ్‌కు (ఆఫీసుల్లాంటి తక్కువ ప్రమాదమున్న చోట్లకు), నీటి ప్రవాహం, పీడనం లెక్కగట్టిన సిస్టమ్‌లో, స్ప్రింక్లర్ల మధ్య దూరం 4.6 మీ., ఒక్కోదానికి 20.9 చదరపు మీటర్లు మించకూడదు. మన 8.4 గ్రిడ్‌లో బేకు నాలుగు పెడితే దూరం 4.2, వైశాల్యం 17.6. ఇంకా కొంచెం వెసులుబాటు మిగులుతుంది, పార్టిషన్లు మారినప్పుడు అది కలిసొస్తుంది.

పొగ లోపలికి రాకుండా మెట్ల షాఫ్ట్‌లో గాలి నింపి 50 పాస్కల్స్ దగ్గర ఉంచాలి. కానీ తలుపు తెరవడానికి 100 న్యూటన్ల కన్నా ఎక్కువ బలం పట్టకూడదు. అన్ని తలుపులూ మూసి ఉన్నప్పుడు ఒత్తిడి పెరిగిపోతుంది, అందుకే ఎక్కువైన గాలిని బయటికి వదిలే రిలీఫ్ డ్యాంపర్. అది లేని మెట్లలో వయసైనవాళ్లు తలుపు తోయలేరు. స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో ప్రతి తలుపునూ కొలవండి. ఏహెచ్‌యూ గది గోడను దాటే ప్రతి డక్ట్‌కూ మంట వస్తే మూసుకునే ఫైర్ డ్యాంపర్, దాని కిందే సీలింగ్‌లో యాక్సెస్ డోర్ ఉండాలి. చెయ్యి చేరని డ్యాంపర్‌ను ఎవరూ పరీక్షించరు.

10. నీళ్లు

మనిషికి రోజుకు 45 లీటర్లు, 960 మందికి 43 వేల లీటర్లు. టెర్రస్ ట్యాంక్ నుంచి కింది అంతస్తుకు ఎత్తు 33 మీ., అంటే 3.3 బార్, ప్రెషర్ తగ్గించే వాల్వు అక్కర్లేదు. ప్రెషర్ చాలక ఇబ్బంది పై రెండు అంతస్తులకే, వాటికి చిన్న బూస్టర్ పంపు ఇవ్వండి. టాయిలెట్లు ఒకదానిపై ఒకటి వరుసగా ఉంచండి. 100 మి.మీ. డ్రెయిన్‌ను 1 శాతం వాలుతో 12 మీ. పక్కకు తీసుకెళ్తే 120 మి.మీ. దిగుతుంది, సెక్షన్‌లో అంత ఖాళీ మనం వదల్లేదు.

11. సైట్‌లో వరుస

సీలింగ్‌లో మొదట డ్రెయిన్లు (వాటి వాలును ఎవరూ మార్చలేరు), తర్వాత పెద్ద డక్టులు, ఆపైన చిల్డ్ వాటర్, స్ప్రింక్లర్, చివర కేబుల్ ట్రే. ముందొచ్చిన కాంట్రాక్టర్ ముందు బిగిస్తే ఈ వరుస తిరగబడుతుంది. ఒక అంతస్తులో కోర్ పక్కనున్న ఒక్క బేను పూర్తిగా, సీలింగ్ టైల్ వరకు కట్టి చూడండి. అక్కడ తగిలినవన్నీ రాసుకుని డ్రాయింగ్ సవరించాకే మిగతా అంతస్తులు మొదలుపెట్టనివ్వండి.

పైపులు కడిగేటప్పుడు ఏహెచ్‌యూ కాయిల్స్ వాల్వులు మూసి, బైపాస్ తెరిచి, నీటిని సెకనుకు 1.5 మీ. వేగంతో తిప్పండి. నల్లటి వెల్డింగ్ పొట్టు స్ట్రెయినర్లో పడుతుంది. తీసి కడిగి, శుభ్రమైన నీరు వచ్చేదాకా మళ్లీ తిప్పండి. కాయిల్‌లోకి ఒకసారి పొట్టు పోతే ఆ యూనిట్ ఎప్పటికీ పూర్తి చల్లదనం ఇవ్వదు. గాలి, నీరు బ్యాలెన్సింగ్ అయ్యాక డక్ట్ స్టాటిక్ సెన్సార్ (గాలి పీడనం కొలిచేది) ఏహెచ్‌యూ నోటి దగ్గర కాకుండా డక్ట్ పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో ఉందో లేదో చూడండి. నోటి దగ్గరుంటే ఫ్యాన్ వేగం తగ్గాల్సినంత తగ్గదు.

చివరిగా సాయంత్రం, అన్ని లైట్లూ, లిఫ్టులూ నడుస్తుండగా మెయిన్ బ్రేకర్ ఆపి, అదే సమయంలో ఒక అంతస్తులో ఫైర్ అలారం మోగించండి. జనరేటర్ అందుకోవాలి, మెట్ల ఫ్యాన్లు తిరగాలి, ఏహెచ్‌యూలు ఆగాలి, ఫైర్ డ్యాంపర్లు మూసుకోవాలి, లిఫ్టులు గ్రౌండ్ ఫ్లోర్‌కు దిగి తలుపులు తెరవాలి. ప్రతి అంతస్తులో ఒక మనిషిని వాకీటాకీతో నిలబెట్టి సెకన్లు రాయించండి. విడివిడిగా పాసైన సిస్టమ్స్ చాలాసార్లు ఇక్కడే తడబడతాయి. జనరేటర్ లోడ్ తీసుకునేటప్పుడు కంట్రోల్ ప్యానెల్ రీసెట్ అయ్యి, అలారం ఆదేశం మరిచిపోయి, ఏహెచ్‌యూ తిరిగి మొదలవుతుంది. అలా జరిగితే కంట్రోలర్‌కు చిన్న యూపీఎస్ ఇప్పించి, ప్రోగ్రామ్‌లో ఫైర్ ఆదేశాన్ని చేత్తో రీసెట్ చేసేదాకా నిలిచేలా మార్పించి, పరీక్షను మొదటి నుంచి మళ్లీ చేయండి.